ఓడకు చెయ్యి చూపించకండి

నేను రేవు పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాను. నూజివీడులో ఈ మాట చెబితే ముందు అందరూ ఆకాశంలోకి చూస్తారు. మా పక్క తోట కౌలుకు చేసే వెంకటేశ్వరరావు ఇప్పటికీ నన్ను "విమానం సారు" అనే పిలుస్తాడు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి, ఇప్పుడు పలుకుతున్నాను.

సముద్రంలోంచి వచ్చే ఓడ నేరుగా రేవులోకి రాలేదు. ఆ రేవు లోతుపాతులు తెలిసినవాడు బయటికి వెళ్లి, తాళ్ల నిచ్చెన పట్టుకుని ఓడ ఎక్కి, కెప్టెన్ పక్కన నిలబడి ఇరుకు దారిలోంచి లోపలికి తెచ్చి కట్టించాలి. వాణ్ణే పైలట్ అంటారు. తూర్పు తీరంలో ఒక రేవులో నా ఉద్యోగమంతా అదే పని.

ఈ మధ్య రేవుల దగ్గర, నదులు సముద్రంలో కలిసే చోట్ల కయాక్ కేంద్రాలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి పడవ. నేర్పించేవాళ్లుగా మన పిల్లలే చేరుతున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాలు ఇందులో ఉండవు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికాలంలో పనికొస్తున్నాయి.

ఓడ కింద కూర్చోవడం

నేను చేరినప్పుడు మా సీనియర్ పైలట్ నంబియార్ గారు. మలయాళీ అయినా తెలుగులో తిట్లు మాత్రం మనకంటే స్పష్టంగా పలికేవారు. మొదటి రోజు ఆయన నన్ను ఓడ ఎక్కించలేదు. ఒక చిన్న తెడ్డు పడవలో కూర్చోబెట్టి, ఓడలు వెళ్లే దారి అంచున, హద్దు చూపిస్తూ నీళ్లమీద తేలే ఆకుపచ్చ బోయాకి ఇవతల ఆపి, "ఇప్పుడు చూడు" అన్నారు.

దూరంగా బొగ్గు ఓడ ఒకటి వస్తోంది. నా కంటికి అది కదులుతున్నట్టే లేదు. చప్పుడూ లేదు. ఇంజను ఎక్కడో వెనక ఉంటుంది, గాలి మా వైపు నుంచి అటు వీస్తోంది. నేను తల తిప్పి ఆయన్ని ఏదో అడిగి, మళ్లీ చూసేసరికి సగం ఆకాశం కనపడలేదు. ఎదురుగా ఇనుప గోడ. ఆ గోడ మా పక్కనుంచి పోతూ ముందు మా పడవను అవతలికి నెట్టింది, తర్వాత తన వైపుకి లాక్కుంది. తెడ్డు వదిలేసి పడవ అంచులు పట్టుకున్నానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

"ఎంత వేగంగా వచ్చిందనుకున్నావ్?" అని అడిగారు.

"చాలా వేగం సార్."

"సైకిలంత. నీకు ప్రాణం పోయినంత పనయింది కదా. ఆ పైనున్నవాడికి నువ్వు కనపడనే లేదు. రేపట్నుంచి ఆ పైన ఉండేది నువ్వే."

అంతకంటే మంచి పాఠం నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. ఆయన తర్వాత కొత్త పైలట్లకి ఈ అలవాటు మాన్పించేశారు. డీజిలు దండగ అన్నారు. తెడ్డు పడవకి డీజిలేమిటని అడిగినవాడు లేడు.

మన రోడ్డు అలవాటు

మామిడి సీజన్లో హనుమాన్ జంక్షన్ రోడ్డు మీద ఒక గంట నిలబడండి. కాయ లోడు లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. చంకలో పిల్లను ఎత్తుకున్న తల్లి, నెత్తిన గంప పెట్టుకున్న ముసలమ్మ, ఫోను మాట్లాడుతున్న కాలేజీ కుర్రాడు, అందరూ ఒకే పని చేస్తారు. లారీ వైపు అరచెయ్యి చూపించి దాటేస్తారు. లారీవాడు హారన్ కొడతాడు. హారన్ కొట్టాడంటే మనల్ని చూశాడని లెక్క. చూశాడు కాబట్టి ఆపుతాడు, లేకపోతే పక్కనుంచి పోతాడు. మధ్యలో అనుమానమొస్తే మనం ఉన్నచోటే ఆగిపోతాం. అదే క్షేమమని పుట్టినప్పటి నుంచీ మన ఒంటికి తెలుసు.

నీళ్లమీద ఈ మూడూ ప్రాణాలు తీసే అలవాట్లే.

ఓడ హారన్ వెంటవెంటనే అయిదు చిన్న కూతలు కూసిందంటే, "నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావట్లేదు, ప్రమాదం" అని అర్థం. నిన్ను తప్పించుకుని పోతానని కాదు. లోడుతో ఉన్న ఓడ అడుగు దాదాపు నేలను రాసుకుంటూ వస్తుంది, పక్కకి జరిగిందా మట్టిలో కూరుకుపోతుంది. వేగం ఒక హద్దు కంటే తగ్గిస్తే చుక్కాని మాట వినదు. ఇంజను వెనక్కి తిప్పినా అంత బరువు వెంటనే ఆగదు, పైగా ముక్కు ఒక పక్కకి ఒరిగిపోతుంది. కెప్టెన్, పైలట్ నిలబడే గది ఓడ తోక దగ్గర ఉంటుంది. వాళ్లకీ నీటికీ మధ్య ఓడంత ఓడ అడ్డం. ముక్కు ముందు కొన్ని వందల గజాల దాకా ఏముందో వాళ్లకి కనపడదు.

కాబట్టి దాటాల్సి వస్తే ఓడ వెనకనుంచి దాటండి. అది పోయేదాకా బోయాలకి ఇవతల, లోతు తక్కువ చోట ఉండండి, అక్కడికి ఓడ రాలేదు. దాటేటప్పుడు ఏటవాలుగా కాకుండా అడ్డంగా, అందరూ ఒక గుంపుగా, నెమ్మదిగా తెడ్డు వేసేవాణ్ణి ముందు పెట్టుకుని దాటండి. అనుమానం వస్తే వెనక్కి తిరగండి. మధ్యలో మాత్రం ఆగొద్దు. ఓడని లాగే టగ్గు పడవకీ ఓడకీ మధ్య ఖాళీ ఉంది కదా అని దూరకండి, ఆ ఖాళీలో తాడు ఉంటుంది. బయల్దేరే ముందు రేవు సిగ్నల్ స్టేషన్‌ని రేడియోలో అడగండి, వచ్చే ఓడ ఏది, పోయే ఓడ ఏది అని. విసుక్కుంటారు, అయినా అడగండి.

ఇంతే. ఇది నేర్పడానికి ఒక పూట చాలు. ఆ పూట ఎవరికీ దొరకదు.

ఆదివారం ఓడలుండవట

నా ఉద్యోగం చివరి రోజుల్లో మా రేవు పెద్ద సారు ఒక హోటలు వాళ్లకి కయాక్ కేంద్రం పెట్టుకోమని అనుమతి ఇచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. పైవాళ్లు ఎవరు ఏమడిగినా కాదనలేనివాడు. చెడ్డవాడి కిందైనా బతకొచ్చు, వాడు ఎప్పుడు కరుస్తాడో తెలుస్తుంది. కాదనలేనివాడి కింద పనిచెయ్యడం కష్టం.

మీటింగులో నేను అడిగాను.

"సార్, ఆ పడవలు ఓడల దారికి అడ్డంగా అవతలి ఇసుక తిన్నె దాకా వెళ్తాయి."

"ఆదివారాలే కదండీ. ఆదివారం ఓడలెక్కడుంటాయి?"

"ఓడలు పోటు చూసుకుని వస్తాయి సార్, క్యాలెండరు చూసుకుని కాదు."

"అబ్బా, మీరు పైలట్లు కదా. కాస్త చూసుకోండి."

ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. ఆయనా ఒకప్పుడు ఓడలు నడిపినవాడే. తర్వాత తెలిసింది, అదే వారంలో హోటలు మేనేజరుకి కూడా ఆయన ఒక మాట చెప్పారట: "పైలట్లకి చెప్పేశాం, వాళ్లు చూసుకుంటారు." మమ్మల్ని వాళ్లని చూసుకోమన్నారు, వాళ్లని మా మీద నమ్మకం పెట్టుకోమన్నారు. మన దేశంలో సగం చావులు ఈ "చూసుకుంటారు" అనే మాట కిందే పడి ఉంటాయి.

హోటలువాళ్ల ఇన్‌స్ట్రక్టరు అప్పలరాజు. విజయనగరం వైపు కుర్రాడు, ఈతలో పతకాలు ఉన్నవాడు, నవ్వు మొహం. జెట్టీ మీద ఒకసారి కనపడి పలకరించాడు.

"పైనుంచి మేం అగుపిస్తామా సార్?"

"దూరంగా ఉంటే కనిపిస్తారు. దగ్గరికొస్తే కనపడరు."

"తిరగేసి సెప్తన్నారేటి సార్," అని నవ్వేశాడు. ఒకరోజు నాతో పాటు ఓడ మీదకి రా, నీకే తెలుస్తుంది అన్నాను. వస్తానన్నాడు. హోటలువాళ్లు సెలవివ్వలేదు.

ఆ ఆదివారం పొద్దున నేను ఒక బొగ్గు ఓడను తెస్తున్నాను. కెప్టెన్ గ్రీసు దేశస్థుడు, పెద్దాయన. మలుపు తిరగగానే దూరంగా రంగురంగుల పడవలు కనిపించాయి, ఓడల దారి మధ్యలో, తిన్నె వైపు పోతూ. అయిదు కూతలు కొట్టించాను. కూత వినగానే వాళ్లు ఏం చేశారో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆగిపోయారు. అందరికంటే ముందున్న అప్పలరాజు మా వైపు తిరిగి చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపించాడు.

కెప్టెన్ ముచ్చటపడి తనూ చెయ్యి ఊపాడు. పలకరిస్తున్నారనుకున్నాడు పాపం. నేను ఇంజను వెనక్కి తిప్పమన్నాను, వెనక టగ్గుని లాగమన్నాను, కూత ఆపలేదు. ఓడ మాత్రం తన దారిన తాను పోతూనే ఉంది. అప్పుడు అప్పలరాజుకి అర్థమైంది. చెయ్యి దించి, అందర్నీ అరుస్తూ ముందుకి తోలాడు. ఒక్క పడవలో భార్యాభర్తలు బిగుసుకుపోయి కదల్లేదు. మిగతావాళ్లని బోయా దాటించి వాడు ఆ ఇద్దరి కోసం వెనక్కి వచ్చాడు. నేను చూసింది అంతవరకే. ఆ తర్వాత వాళ్లు ఓడ ముక్కు కిందకి వెళ్లిపోయారు, పై గదిలో ఉన్న మాకు నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు.

ఆ భార్యాభర్తల్ని టగ్గువాళ్లు బతికుండగా తీశారు. వాళ్ల పడవని వాడు తన పడవతో గుద్ది, ఓడ ముక్కు లేపిన అలలోంచి అవతలికి నెట్టాడని ఆ ఇద్దరే చెప్పారు. అప్పలరాజు మర్నాడు దొరికాడు.

తప్పెవరిది

విచారణలో మొదటి ప్రశ్న నాకే. చూశారా లేదా? చూశాను, చూడగలిగినంత వరకు అన్నాను. చెయ్యాల్సినవి చేశారా? చేశాను. నా తప్పేమీ లేదని తేల్చారు. నిజంగానే లేదు. ఆ ఆదివారాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నా నేను ఇంకోలా చెయ్యగలిగింది ఏమీ కనపడదు. తప్పు లేకపోతే మనసు తేలికవుతుందని ఎవరో అంటే నమ్మకండి. తప్పుంటే కనీసం పట్టుకుని ఏడవడానికి ఒకటి ఉంటుంది.

అనుమతి ఎలా ఇచ్చారని పెద్ద సారుని ఎవరూ అడగలేదు. అడక్కముందే ఆయన, "భద్రత విషయంలో మేం ఎక్కడా రాజీ పడలేదు" అని మొదలుపెట్టారు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. మీటింగులో ఏమన్నారో నేను చెప్పాను. ఆ మాట తనకి గుర్తులేదన్నారు. ఆ మీటింగులో కూర్చున్న నలుగురికీ కూడా ఒక్కసారే మతిమరుపు వచ్చింది.

చివరికి తేల్చిందేమిటంటే, ఓడ వస్తుండగా ఇన్‌స్ట్రక్టరు మళ్లీ ఓడల దారిలోకి వెనక్కి వెళ్లడం నియమాలకి విరుద్ధం, ప్రమాదానికి అదే కారణం. ఆ నియమం నిజంగానే ఉంది. చచ్చిపోయినవాడు వచ్చి మాట్లాడడు కదా.

బయట అప్పలరాజు అన్న నిలబడి ఉన్నాడు.

"మా వోడు తప్పు సేసినాడా సార్?"

"లేదు నాయనా."

"ఆ మాట లోపల సెప్పినారా?"

"చెప్పాను."

"మరి?"

ఆ "మరి" దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోయే ఉన్నాను. ప్రమోషన్ల సంగతి రాయనన్నాను గాని, ఒక్కటి చెప్పాలి. పెద్ద సారుకి ఆ ఏడాదే పైకుర్చీ వచ్చింది.

కెజియా

చాట్రాయిలో స్కూలు మాస్టారు ప్రభుదాసు గారు నాకు బాగా స్నేహితుడు. ఆయన కూతురు కెజియా విజయవాడలో కృష్ణ నీళ్లమీద కయాక్ నేర్చుకుంది, పోటీలకీ వెళ్లింది. వేరే రేవు దగ్గర ఒక ప్రైవేటు కేంద్రంలో ఇన్‌స్ట్రక్టరుగా ఉద్యోగమొచ్చింది. తండ్రీకూతుళ్లు ఆ కబురు చెప్పడానికి వచ్చారు. మాస్టారి మొహం వెలిగిపోతోంది. ఆడపిల్ల, ఇష్టమైన పని, సొంత జీతం. నేనూ సంతోషించాను.

పైన రాసిందంతా ఆ పిల్లకి చెప్పాను, అప్పలరాజు సంగతితో సహా. శ్రద్ధగా వింది. చివర్లో అన్నాను, "వద్దు అనే హక్కు నీకుందో లేదో చేరే ముందే అడుగు. అది లేకపోతే నువ్వు ఇన్‌స్ట్రక్టరువి కాదు, ముందు పడవలో కూర్చున్న టూరిస్టువి."

అడిగిందట. మేనేజరు, "అయ్యో, నీ మాటే ఫైనల్ అమ్మా," అన్నాడట.

కొన్ని నెలలు బాగానే సాగింది. ఒకరోజు మధ్యాహ్నం ఫోను చేసింది.

"అంకుల్, ప్రీ వెడ్డింగ్ షూట్ అంట. పెళ్లికూతురు మన నూజివీడు అమ్మాయే. ఓడల ఛానల్ మధ్యలోకి తీసుకెళ్లమంటున్నారు."

"రేడియోలో అడిగావా?"

"అడిగానండీ. లోడు ఓడ ఒకటి లోపలికొస్తోందంట. అదే చెప్పాను మేనేజరుకి. ఓడ వెనకాల వస్తేనే కదా ఫోటో అంటున్నాడు."

"నువ్వేమన్నావు?"

"వద్దన్నాను. మీరు చెప్పారు కాబట్టి కాదు అంకుల్, నాకే భయమేసింది."

నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మేనేజరు ఇంకో కుర్రాణ్ణి పంపించాడు. వాళ్లు వెళ్లారు, ఫోటోలు దిగారు, నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఏమీ జరగలేదు. సాయంత్రం కెజియాని రేపట్నుంచి రావద్దన్నారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు తెలుసుకోవాల్సిన చేదు నిజం ఇది. వద్దన్న రోజున ఏమీ జరగదు. వెళ్లిన రోజున కూడా చాలాసార్లు ఏమీ జరగదు. అందుకని వద్దన్నవాళ్లే ఎప్పుడూ పిరికివాళ్లుగా మిగులుతారు.

పెళ్లి హాలు దగ్గర

ఆ పెళ్లికి నన్నూ పిలిచారు, మాస్టారినీ పిలిచారు. పెళ్లికూతురి తండ్రికి మామిడి వ్యాపారం, మా తోట కాయ కొన్నేళ్లుగా ఆయనే కొంటాడు. నూజివీడు ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఆకాశమంత ఫ్లెక్సీ కట్టారు. పసుపు పడవలో పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వాళ్ల వెనక ఎర్రటి ఓడ ముక్కు. జనం దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు.

మాస్టారు చాలాసేపు చూశారు. "ఎంత బాగా వచ్చిందండీ. మా అమ్మాయి కాస్త సర్దుకుని ఉంటే..." అని ఆపేశారు.

కెజియా ఫోటో వైపు చూడ్డంలేదు, నా వైపు చూస్తోంది. నేను ఏం చూస్తున్నానో దానికి తెలుసు, నేను నేర్పిందే. ఓడ ముక్కు పైన, వెనకగా, నడిపే గది అద్దాలు ఉంటాయి. ఆ అద్దాలు నీకు కనిపిస్తున్నంతసేపే అందులో ఉన్నవాళ్లకి నువ్వు కనిపిస్తావు. ఆ ఫోటోలో ముక్కు పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"అద్దాలు లేవు అంకుల్," అంది నెమ్మదిగా.

వెనకనుంచి ఎవరో కాస్త జరగండి, ఫోటో తీసుకోవాలి అన్నారు. జరిగాము.

నాలుగు రోజుల తర్వాత మాస్టారు ఒక్కరే వచ్చారు. కాఫీ తాగలేదు. కుర్చీ అంచున కూర్చుని, నేల చూస్తూ మాట్లాడారు.

"పైలట్ గారూ, మీరంటే ఆ మేనేజరుకి కూడా గౌరవమేనంట. ఒక్కసారి ఫోన్ చేసి చెప్తారేమో అని."

"ఏమని చెప్పమంటారు మాస్టారూ?"

"చిన్నపిల్ల, తెలీక అందని. ఇకమీదట వద్దనదని."

నాకు కోపమొచ్చింది. ఆయన మీద కాదు, అంత మంచి మనిషి నోటివెంట ఆ మాట రప్పించినవాళ్ల మీద. చెప్పలేనని అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఈలోగా గేటు చప్పుడైంది. కెజియా స్కూటీ ఆపి లోపలికి వచ్చింది. వస్తూనే తండ్రి మొహం చూసి ఆయన ఎందుకు వచ్చాడో గ్రహించింది.

"అంకుల్ చెప్పక్కర్లేదు నాన్నా. పొద్దున నేనే ఫోన్ చేశాను. ఇకమీదట వద్దననని చెప్పాను. సోమవారం రమ్మన్నారు."

మాస్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆయనకి ఉపశమనం కలిగింది, దాన్ని చూసి ఆయనకే సిగ్గేసింది. ఆ పిల్లని నేను ఏమనగలను? వేరే కేంద్రానికి వెళ్లమంటే అక్కడ మాత్రం ఎవరున్నారు? మానేసి ఇంట్లో కూర్చోమంటే ఆ చోటుకి ఏమీ తెలియని ఇంకొకణ్ణి తెస్తారు. ఇన్నేళ్ల అనుభవం పెట్టుకుని నా దగ్గర ఒక్క మంచి సలహా లేకపోయింది.

కెజియా నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "ఓడ ముందునుంచే తీసుకెళ్లాల్సి వస్తే ఎలా తీసుకెళ్లాలో చెప్పండి అంకుల్," అంది.

ఎవరికీ ఎప్పుడూ చెప్పకూడదనుకున్న పాఠం అది. చెప్పాను. ఎంత దూరం ఉండగా బయల్దేరాలో, గాలి ఎటుంటే ఎటు తిరగాలో, ఓడ ముక్కు ఒరిగితే ఏ వైపు ఒరుగుతుందో, మా ఆవిడ రెండుసార్లు భోజనానికి పిలిచినా లేవకుండా చెప్పాను. ఆ పిల్ల ఒక్కొక్కటీ తిరిగి నాకు అప్పజెప్పింది. మాస్టారు పక్కనే కూర్చుని వింటున్నారు. సగం అర్థమై, ఆ అర్థమైన సగానికే ఆయన చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి.

అన్నీ అయ్యాక లేచి నిలబడి, స్కూటీ తాళాలు చేతిలో తిప్పుతూ అడిగింది.

"వెనక పడవవాళ్లు భయపడి ఆగిపోతే, నేను వెనక్కి వెళ్లాలా అంకుల్?"

"వెళ్లొద్దు," అన్నాను. "నియమం అదే. ఏమైనా సరే వెళ్లొద్దు."

సరేనని తలూపింది. దాని కళ్లలోకి చూశాను. వెళ్తుందని నాకు తెలుసు.